శుక్రవారం చేతికొచ్చిన మ్యూజియం పాస్: హైదరాబాదులో కొనదలచినవారికి హెచ్చరిక

హైదరాబాదులోని మ్యూజియాలను, చారిత్రక కట్టడాలను ఒకే పాస్‌తో, ఒకే రోజులో, వరుసలో నిలబడే పని లేకుండా చూపిస్తామనే ప్రకటనలు సామాజిక మాధ్యమాల్లో కనిపిస్తున్నాయి. సెలవుల్లో పిల్లలతోనో, ఊరి నుంచి వచ్చిన బంధువులతోనో నగరం చూడాలనుకునే కుటుంబాలు అటువంటి పాస్‌కు డబ్బు కట్టే ముందు మాకు జరిగినది చదవాలని కోరుతున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. పేర్లు మార్చుకోవడం ఇటువంటివారికి పెద్ద పని కాదు కనుక, వారి పద్ధతి తెలిస్తేనే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

పాస్ ధర తలకు 1,499 రూపాయలు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, చార్మినార్, గోల్కొండ కోట చూపిస్తామని, ప్రవేశ రుసుములన్నీ అందులోనే కలిసి ఉంటాయని, ఏసీ వాహనంతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడు వస్తాడని ప్రకటనలో ఉంది. సాలార్‌జంగ్ ఒక్కటే తీరికగా చూడాలంటే పూట సరిపోదు. అయిదు చోట్లూ ఒక్క రోజులో అంటేనే అది చూపించడం కాదు, తిప్పి తీసుకురావడం. అయినా ఎండాకాలంలో పిల్లలతో ఆటోలు మారే బాధ తప్పుతుందని నలుగురికీ కలిపి 5,996 రూపాయలు యూపీఐలో చెల్లించాము.

మేము అడిగింది ఆదివారం. డబ్బు అందిన తరువాత, ఆదివారం స్లాట్లు నిండిపోయాయని చెప్పి తేదీని శుక్రవారానికి మార్చారు. శుక్రవారం సాలార్‌జంగ్‌కు వారపు సెలవని ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. చౌమహల్లాకు, నిజాం మ్యూజియానికి కూడా సెలవు ఆ రోజే. ఇదే విషయం వాట్సాప్‌లో అడిగితే, "పాస్ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉంటుంది సార్, మీరేం టెన్షన్ పడకండి" అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఇప్పుడు ఫిర్యాదులో మొదటి సాక్ష్యం.

దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ గేటుకు తాళం వేసి ఉంది. లోపల కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ ఉద్యోగి లేచి వచ్చి, మేము ఫోనులో చూపించిన క్యూఆర్ కోడ్‌ను ఒకసారి చూసి, "ఈరోజు బంద్ సార్. అయినా ఇది మా టికెట్ కాదు, మీలాగే ఇంకొందరు ఇదే పట్టుకుని వచ్చి వెళ్లారు" అని మర్యాదగానే చెప్పారు. చౌమహల్లా దగ్గరా, పురానీ హవేలీ దగ్గరా అదే తాళం. ఆ రోజు తెరిచి ఉన్నవి కేంద్ర పురావస్తు శాఖ చూసే చార్మినార్, గోల్కొండ మాత్రమే. ఈ రెండింటికీ భారతీయులకు ప్రవేశ రుసుము కౌంటరులో 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో తీసుకుంటే 20 రూపాయలు. 15 ఏళ్లలోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు. మా పిల్లలిద్దరూ ఆ వయసులోపువారే అయినా, ఇద్దరికీ పెద్దవారి ధరే వసూలు చేశారు.

గట్టిగా నిలదీస్తే మరునాడు శనివారం సాలార్‌జంగ్ చూపిస్తామన్నారు. ఆ రోజు జరిగినది మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడ పుడుతుందో అప్పుడే తెలిసింది. వచ్చిన గైడు మెడలో గుర్తింపు కార్డు లేదు. అడిగితే ఇంట్లో మరచిపోయానన్నాడు. వరుస లేని ప్రవేశమని ఊదరగొట్టినవారి తరఫు మనిషి, అందరితోపాటే కౌంటరు ముందు వరుసలో నిలబడి మామూలు టికెట్లే కొన్నాడు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు పిల్లలకు "ఇది నిజాం తెప్పించింది" అని చెప్పాడు. దానిని చెక్కినవాడు ఇటలీ శిల్పి జియోవన్ని మరియా బెంజోని. 1876లో రోముకు వెళ్లినప్పుడు కొన్నది మొదటి సాలార్‌జంగ్. సాలార్‌జంగ్‌లు నిజాములు కారు, వారి దగ్గర దివానులుగా, అంటే ప్రధానమంత్రులుగా, పనిచేసినవారు. మ్యూజియం వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించాక, 1951లో వారి నివాసమైన దివాన్ దేవిడీలో మొదలైన ప్రదర్శన 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఇంత మాత్రం తెలియని మనిషికి గైడు రుసుము పేరుతో మేము డబ్బు చెల్లించాము.

గంటకొకసారి బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టే కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు జనం చేరుతున్నారు, పిల్లలు మెడలు సాచి నిలబడ్డారు. సరిగ్గా ఆ సమయానికి గైడు "బండి వెయిటింగ్‌లో ఉంది, పదండి పదండి" అని తొందర పెట్టసాగాడు. బండి తీసుకెళ్లింది మరో మ్యూజియానికి కాదు. పత్తర్‌గట్టి దాటాక ఒక సందులో ఉన్న బిద్రీ, ముత్యాల దుకాణానికి.

అక్కడ గడిపినంత సేపు మేము మ్యూజియంలో గడపలేదంటే అతిశయోక్తి కాదు. నలభై శాతం తగ్గింపు అంటూ ఒక నల్లని పూలకుండీని నా చేతిలో పెట్టారు. అసలు బిద్రీ వస్తువును జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు కనుక చేతికి బరువు తెలుస్తుంది. నగిషీ చెక్కిన గాడిలో వెండి తీగను గానీ రేకును గానీ సుత్తితో కూర్చి, చివరకు బీదరు కోట మట్టిని నవాసాగరంతో (ఒక రకం లవణం) కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. నా చేతిలోని కుండీ తేలిగ్గా ఉంది. దాని నగిషీలోని ఒక ఆకు అంచు మీద బొటనవేలి గోటితో గీస్తే తెల్లని పొడి గోటికి అంటింది. అది వెండి కాదు, రంగు. మేము ఏమీ కొనకుండా బయటికి వచ్చాక గైడు ముఖం మారిపోయింది, ఆ తరువాత అతను మాతో మాట్లాడింది కూడా తక్కువే. ఇంటికి బిద్రీ కావాలనుకునేవారు, రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ నడిపే గోల్కొండ షోరూములో ముందు ధర, బరువు చూసుకుంటే బయట బేరం ఆడడానికి ఒక కొలత దొరుకుతుంది.

ఇటువంటి పాస్ ఎవరైనా అమ్మజూపితే, ముందుగా వారు చెప్పిన తేదీ ఏ వారమో చూడండి. శుక్రవారం అయితే ఇక ఆలోచించనక్కరలేదు. తరువాత, ఏ మ్యూజియంతో తమకు ఒప్పందం ఉందో రాసివ్వమని అడగండి. మమ్మల్ని మాటలతో నడిపించినవారు ఆ ప్రశ్న దగ్గరే మౌనం వహించారు. ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు కనిపించేలా ఉంచాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి నెల లోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. మేము కొన్న పేజీలో ఒక మొబైల్ నంబరు తప్ప ఇంకేమీ లేదు. అన్నింటికన్నా సులువైన దారి ఏమిటంటే, ఏ చోటికి వెళితే అక్కడి కౌంటరులోనే టికెట్ తీసుకోవడం. సాలార్‌జంగ్ శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. మా నలుగురికీ పాస్‌కు పెట్టిన సొమ్ములో చిన్న వంతుతో టికెట్లూ, రానూపోనూ ఆటో ఖర్చూ వెళ్లిపోయేవి.

ఇప్పటికే మోసపోయినవారు ప్రకటన స్క్రీన్‌షాటు, చెల్లింపు రసీదు, వాట్సాప్ సంభాషణ తొలగించకుండా దాచుకోండి. మా విషయంలో ప్రకటన రెండు రోజుల్లోనే మాయమైంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరు ఇస్తారు. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ కేసు వేయడానికి రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. డబ్బు తీసుకుని అసలు ఏ సేవా అందించకుండా నంబరు ఆపేసినవారి విషయంలో మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పాలి.

1915లో ఫిర్యాదు నమోదైన తరువాత మాకు అమ్మినవారు స్వయంగా ఫోను చేసి, పిల్లలిద్దరి పాస్‌ల సొమ్ము 2,998 రూపాయలు "గుడ్‌విల్‌గా" తిరిగి పంపారు. మిగతా సగం, శనివారం సేవ అందించామన్న కారణంతో ఇవ్వడం కుదరదంటున్నారు. అందుకు ఒప్పుకోలేదని రాతలో తెలియజేశాము, ఫిర్యాదు ఇంకా ముగియలేదు.