గ్రాంట్ డబ్బుతో అమరావతి రాళ్ల వెంట

మా యూనివర్సిటీలో కళాచరిత్ర పీజీ వాళ్లకి శిల్పాలను స్వయంగా చూసి రావడానికి చిన్న ట్రావెల్ గ్రాంట్ ఉంది. స్లీపర్ ఛార్జీ, లాడ్జికి రోజుకింత. ముందు చేతినుంచి పెట్టుకోవాలి, బిల్లులిచ్చాక ఎప్పటికో అకౌంట్లో పడుతుంది. నా డిసర్టేషన్ అమరావతి స్తూపం మీద. అందుకని అమరావతి, చెన్నై, నాగార్జునకొండ రాసిచ్చాను. ఈ మూడు చోట్లా మ్యూజియానికి శుక్రవారమే సెలవు, టికెట్లు తీసే ముందు అది చూసుకోండి.

అమరావతికి గుంటూరులో దిగి బస్సులో వెళ్లి రావడం సులువు. బస్టాండ్ దగ్గర లాడ్జి అయితే జీఎస్టీ బిల్లు కూడా దొరుకుతుంది. గుడి దగ్గర సత్రాలు చవకే గానీ, అక్కడిచ్చే రసీదు మా ఆఫీసులో చెల్లలేదు. స్తూపం ఉన్నచోట మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే కట్టడాల కోసం రాళ్లు తరలిపోతున్నాయి. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో లండన్ వెళ్లిపోయాయి. అయినా ముందు ఇక్కడికే రండి. మ్యూజియం ఆవరణలో ఉన్న స్తూపం నమూనా చూస్తే తప్ప, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి పలకల్లో ఏది స్తూపం చుట్టూ ఉండే కంచెలోదో, ఏది అండానిదో (అంటే గుండ్రటి గుమ్మటానిదో) అంతుబట్టదు.

చెన్నైలో ఎగ్మూరు స్టేషన్ ఎదుట కెన్నెట్ లేన్‌లో దిగాను. గది ఇరుకు, రాత్రంతా రోడ్డు గోల. కానీ మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు, మధ్యాహ్నం భోంచేసి మళ్లీ రావచ్చు. ఊరి చివర చవగ్గా దిగితే మిగిలేది ఆటోకే పోతుంది.

ఆ మ్యూజియంలో, బుద్ధుడి మీదికి వదిలిన నళగిరి అనే ఏనుగు కథ చెక్కిన పలక దగ్గరే నాకు ఎక్కువసేపు పట్టింది. ఒకే వలయంలో రెండు ఘట్టాలు: ఎడమవైపు మదమెక్కి జనాన్ని తొక్కుతున్న ఏనుగు, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. పుస్తకంలో ఇదంతా బల్లపరుపుగా ఉంటుంది. ఎదుట నిలబడితే లోతు తెలుస్తుంది. పైన కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లు, భయంతో పక్కనున్నవాడి మీదికి ఒరిగిన ఆడమనిషి ఒక్కొక్కరే బయటపడతారు. ఒకప్పుడు పలకల్ని సిమెంటుతో గోడలో బిగించడం వల్ల ఉప్పు పట్టి పాడైన రాళ్లు కూడా ఈ సేకరణలో ఉన్నాయి. ఆ సంగతి ఏ ఫొటో కింద రాశారు గనక! మర్నాడు మళ్లీ వెళ్లాను. 'ఒకే మ్యూజియానికి రెండోరోజు ఎందుకు?' అని బిల్లు మీద ప్రశ్న రాసి తిప్పి పంపారు. గ్రాంట్ లెక్కంతా ఎంత దూరం పోయామన్నదే. ఎంతసేపు చూశామన్నదానికి అందులో గడే లేదు. అప్లికేషన్లోనే 'ఫలానా పలకల స్కెచ్‌లకి రెండు రోజులు' అని రాసేయండి.

నాగార్జునకొండకి విజయపురి సౌత్ నుంచి లాంచీ. జనం నిండితేగానీ కదలదు, కొండ మీద ఇచ్చే టైము చదువుకునేవాళ్లకి ఏ మూలకీ చాలదు. గ్రాంట్ తక్కువైతే మానేయాల్సింది ఇదే.

లండన్‌లోని అమరావతి రాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గదిలో, అద్దం వెనక ఉన్నాయి. ప్రవేశం ఉచితం, విమానం ఖర్చే సమస్య. నెహ్రూ ట్రస్ట్, చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ మనవాళ్లకి గ్రాంట్లు ఇస్తుంటాయి. చెన్నైలో వేసుకున్న స్కెచ్‌లు పక్కన పెట్టుకుని, అక్కడ చూడాల్సిన పలకల జాబితా ఇప్పుడే రాస్తున్నాను.