సైడ్ డ్రమ్మా, బ్యూగిలా?
హనుమకొండలో మా బిడ్డ ఏడో తరగతి. స్కూల్ బ్యాండ్‌లో ఏది పట్టాలన్నదే ఇంట్లో చర్చ.

డ్రమ్ముకైతే రెండు పుల్లలు, ఓ పాత దిండు ఉంటే ఇంట్లోనే సాధన. బతుకమ్మకు చప్పట్లు కొట్టిన చేతులకు లయ కొత్త కాదు. కానీ భుజాన బరువు. దెబ్బ తప్పితే వరుసంతా అడుగు తప్పుతుంది.

బ్యూగిల్ అంటే ఊదే బాకా, మోయడానికి తేలిక. ట్రంపెట్‌కు 3 మీటలుంటాయి, దీనికి ఒక్కటీ లేదు. స్వరం మారాలంటే పెదాలు బిగించాలి, ఊపిరి అదుపులో పెట్టాలి. మొదటి వారమంతా ఉత్త గాలే, బుగ్గలు నొప్పి. ఎనిమిదో రోజు సాయంత్రం ఒక్క స్వరం నిలబడింది. పక్కింటి అవ్వ గడప దాకా వచ్చి చూసింది.

నేనైతే ముందు డ్రమ్మే అంటాను, లయ కుదిరాక ఏదైనా పట్టొచ్చు. బిడ్డ మాత్రం ఆగస్టు 15 పరేడ్‌కు బ్యూగిలే అంటోంది.