విశ్వాసమున్న రాక్ గాయకుడు: చర్చి వేదికా, పెద్ద లేబులా (రికార్డు కంపెనీ)?

సొంతంగా రాసి పాడే క్రైస్తవ రాకర్‌కి ఈ టెన్షన్ తప్పదు.

శ్రోతలు: చర్చి వేదికపై యేసు పేరెత్తగానే చప్పట్లు. బయట అలా కాదు. 1979లో అమెరికన్ రాక్ గాయకుడు బాబ్ డిలాన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత హిట్లన్నీ పక్కనపెట్టి భక్తిపాటలే పాడితే హాల్లో కొందరు గోల చేశారు. అయినా వాటిలో ఒకటి 1980లో గ్రామీ అవార్డు తెచ్చింది.

డబ్బు: చర్చిలో కానుకలే. లేబుల్ అడ్వాన్స్ ఇస్తుంది, తర్వాత అమ్మకాల్లో గాయకుడి వాటాలోంచి కోసుకుంటుంది.

రిస్క్: రెండువైపులా ఉంది. క్రైస్తవ రాకర్ లారీ నార్మన్ 1969 ఆల్బమ్‌ని పెద్ద లేబుల్ క్యాపిటల్ రికార్డ్స్ తెచ్చింది. చాలా చర్చిలకు ఆ పొడవు జుట్టూ గిటారూ గిట్టలేదు, రాక్ జనానికి యేసు ఎక్కువయ్యాడు!

ఆరాధన పాటలే రాస్తే చర్చి నయం. సందేహం, కోపం, ప్రేమ కూడా పాటలోకొస్తే లేబులే.