గర్భసంచి ఆపరేషన్ తర్వాత అమ్మకి స్కానింగ్ (విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి దగ్గర)

ఈ స్కానింగ్ సెంటర్‌కి 4 స్టార్లు ఇస్తున్నా, ఒకటి ఎందుకు కోసానో కింద చెప్తా.

అమ్మకి ఫైబ్రాయిడ్లని (గర్భసంచిలో గడ్డలు) గర్భసంచి తీసేసారు, తొమ్మిదో రోజు నుంచి సాయంత్రమైతే చాలు జొరం, పొత్తికడుపులో బరువు. ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేస్తే మామూలేనమ్మా, జొరం బిళ్ళ వెయ్యండి అన్నారు. రెండ్రోజులు చూసి ఇక ఆగలేక మా వీధి డాక్టరుగారితో చీటీ రాయించుకుని గాజువాక నుంచి ఆటోలో వచ్చేసాం.

స్కానింగ్ చేసింది లేడీ డాక్టర్. ముందు పొట్ట మీద నుంచి చూసి, తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళి రమ్మని లోపల నుంచి కూడా చూస్తానమ్మా, పర్లేదా అని అడిగి మరీ చేసారు, అమ్మ సిగ్గుతో నా చెయ్యి వదల్లేదు. గర్భసంచి తీసి లోపల కుట్లేసిన చోటికి పైన నల్లగా గుడ్డులా ఒకటి కనబడింది, లోపల సాలెగూడులా సన్న గీతలు, 4 సెంటీమీటర్లు. రక్తం చేరిందట. చిన్నవైతే చాలామందికి వాటంతటవే కరిగిపోతాయి గానీ జొరం ఉంది కదా, చీము పట్టిందో లేదో స్కానింగ్ ఒక్కదాంతో కచ్చితంగా చెప్పలేం, రక్త పరీక్ష చేయించి ఇవాళే సర్జన్‌కి చూపించండి అన్నారు. నాకు బాగా నచ్చిందేంటంటే చీటీలో లేకపోయినా రెండు కిడ్నీలూ చూసారు, మూత్రనాళాలు గర్భసంచి పక్కనుంచే వెళ్తాయంట, ఆపరేషన్లో కుట్టు గానీ తగిలితే ఆ వైపు కిడ్నీ ఉబ్బుతుందంట. అమ్మకి ఉబ్బలేదు. తెలీకుండా యూరిన్ కారుతోందా అని కూడా అడిగారు, అలా ఉంటే సీటీ స్కాన్ తీయాలట.

సర్జన్ యాంటీబయాటిక్స్ మార్చారు, తగ్గకపోతే స్కానింగ్‌లో చూస్తూనే సూదితో తీయించాలన్నారు, ఆ అవసరం రాలేదు. పది రోజులకి మళ్ళీ ఇక్కడే తీయిస్తే సగానికి తగ్గింది.

ఇక కోసిన స్టార్ సంగతి. కౌంటర్లో అబ్బాయి లీటర్ నీళ్ళు తాగించెయ్యండి, వెంటనే పిలుస్తాం అన్నాడు, తాగాక గంటన్నర కూర్చోబెట్టాడు, మధ్యలో తెలిసినోళ్ళని ముగ్గుర్ని లోపలికి పంపాడు. కుట్లున్న మనిషి అంతసేపు ఎలా ఆపుకుంటుంది, ఏటో మరి! గోడ మీద మాత్రం లింగ నిర్ధారణ చేయబడదు అని ఇంత బోర్డు, టోకెన్ల గురించి ఒక్క ముక్క లేదు. రెండోసారి నేను ముందు ఇంకా ఐదుగురు ఉన్నారనగా బాటిల్ మూత తీసా.