"ఆటిజం ఫ్రెండ్లీ" హెల్త్ చెకప్ ప్యాకేజీ కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఆటిజం ఉన్న పెద్దవాళ్లకి స్పెషల్ చెకప్ అని అమ్ముతుంటే మా తమ్ముడికి ఒకటి తీసుకున్నాను, వాడికి 31. పేరులో తప్ప ఇంకెక్కడా ఆటిజం గురించి ఆలోచించినట్టే లేదండి.

బుకింగ్ ఫోన్లోనే అన్నారు, వాడు మెసేజ్ అయితే చక్కగా పెడతాడు కానీ ఫోన్ మాట్లాడలేడు. 12 గంటలు ఏమీ తినకూడదన్నారు, రోజూ ఒకే టైముకి తినే మనిషికి అక్కడికి చేరేసరికే సగం ఓపిక అయిపోయింది. తర్వాత మా డాక్టర్ చెప్పారు, మూడు నెలల షుగర్ చూసే హెచ్‌బీఏ1సీకి అసలు పరగడుపే అక్కర్లేదట, కొలెస్ట్రాల్‌కి కూడా చాలామందికి తిని వెళ్లినా పర్లేదట.

గంటన్నర వెయిటింగ్, పైన ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది, పక్కన టీవీ మోత. పిలవగానే బీపీ. ఆ పట్టీ వెల్క్రో జర్రున లాగిన చప్పుడుకే వాడు చెవులు మూసుకుంటే, చెయ్యి లాగి చుట్టేసి హై బీపీ అని రాసేశారు. ఇంట్లో వారం రోజులు నిదానంగా చూస్తే నార్మలే.

నాకు కడుపు మండింది మాత్రం వాళ్లడిగిన ప్రశ్నలకి. "ఎలా ఉన్నావ్" అంటే వాడు "బాగున్నాను" అన్నాడు, ఎవరైనా అలా అడిగితే అలా చెప్పాలని చిన్నప్పుడు మేమే నేర్పాం మరి. నొప్పి పదికి ఎంత అంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. కంప్లైంట్స్ లేవని టిక్ పెట్టేశారు. మూడు వారాలకి పన్ను చీము పట్టి దవడ వాచిపోయింది. పళ్ల డాక్టర్ ఒక్కటే అడిగారు, "ఏ వైపు నములుతున్నావ్?" వెంటనే "కుడివైపే, ఎడమవైపు కరెంటు కొడుతుంది, చాలా రోజుల్నుంచి" అన్నాడు. ఆటిజం ఉన్న చాలామందికి ఒంట్లో ఏం జరుగుతోందో తెలియడం, తెలిసినా పేరు పెట్టి చెప్పడం కష్టం, అందుకే ఇలా పనుల గురించి అడగాలి. మలబద్ధకం, ఫిట్స్, నిద్ర, యాంగ్జైటీ, వీటి గురించి ఒక్క మాట లేదు. వాడు రిస్పెరిడోన్ అనే మందు వేసుకుంటాడు, దాంతో బరువు, షుగర్ పెరగొచ్చు, పాత బరువెంతో కూడా అడగలేదు, విటమిన్ల రిపోర్టు మాత్రం పేజీలకి పేజీలు ఇచ్చారు.

అందుకే డబ్బులు కట్టే ముందే అడగండి: ప్రశ్నలు రాతలో ముందే పంపుతారా, పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ ఇస్తారా, గది ఫోటో పంపుతారా, రక్తం తీసే ముందు మత్తు క్రీమ్ రాస్తారా (అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది, అప్పటికప్పుడు అడిగితే కుదరదు), మధ్యలో ఆపేసి ఇంకోరోజు రావచ్చా, అలా ఆపితే డబ్బులు ఏమవుతాయి. "అవన్నీ అక్కడికొచ్చాక చూద్దాం" అంటే కట్టకండి.

మాకు రిఫండ్ ఇవ్వలేదు. పేషెంట్ కోఆపరేట్ చేయలేదని రిపోర్టులో రాశారట, అదే కారణం. ఆ లైను వాడు చదివి "నేనేం చేయలేదు?" అని నన్నడిగాడు. అది తీసేయమని రాతపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు లేదు.