సంగీతం టీచరు కావాలంటే ఎం.ఏ. మేలా, గురువు దగ్గర సాధన మేలా?

నెల్లూరు, ఒంగోలు వైపు డిగ్రీ ముగించి, కర్ణాటక సంగీతంలో వర్ణాలు (సాధనకు పునాది అయిన రచనలు) దాటి కృతుల్లోకి (కచేరీల్లో పాడే కీర్తనల్లోకి) వచ్చిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "సంగీతం చెప్పుకుంటూ బతకాలని ఉంది. ఎం.ఏ. చేయమంటారా?" ముందు నేను వారిని అడిగేది ఒకటే. ఎవరికి చెబుతావు? ఇంటికి వచ్చే ఆరేళ్ల పిల్లలకా, బడిలోనా, కాలేజీలోనా?

కాలేజీ అయితే తర్జనభర్జన అక్కరలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు, వాటితోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) వంటి అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ కావాలి. నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు. ఆకాశవాణి 'ఎ' గ్రేడు వంటి ఘనత ఉన్న కళాకారులకు బ్యాచిలర్ డిగ్రీతోనే ఇంకో దారి 2018 నిబంధనల్లో ఉంది. ఆ గ్రేడు అందుకోవడానికి పట్టే ఏళ్లతో పోలిస్తే రెండేళ్ల ఎం.ఏ. తేలిక. అమ్మాయిలకు తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర. అబ్బాయిలకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒక దారి. ఒంగోలు నుంచి అది దూరమే, హాస్టల్ ఖర్చూ తప్పదు.

బడి సంగతి వేరు. కేంద్రీయ విద్యాలయాల ప్రాథమిక తరగతుల సంగీతం టీచరు పోస్టుకు నోటిఫికేషన్లు అడుగుతూ వచ్చింది ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ. పీజీ కాదు. బీకాం చదువుతూ పక్కన సంగీతం నేర్చుకున్నవారు పైన ఎం.ఏ. ఉంటే సరిపోతుందనుకుని ధీమాగా ఉండకూడదు. దరఖాస్తుకు ముందు అర్హతల పేరా అక్షరం అక్షరం చదవాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమాను చిన్నచూపు చూడవద్దు. పాఠం క్రమంగా సాగేది అక్కడే.

ఇక మన జిల్లాల్లో ఎక్కువమంది చివరికి చేసేది ఇంటి దగ్గర పాఠాలు, తెల్లవారుజామున అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు. అక్కడ మీ ఎం.ఏ. పట్టా గురించి అడిగే తల్లిదండ్రులు తక్కువ. పిల్ల గొంతుకు ఏ శ్రుతి (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు) నప్పుతుంది, గొంతు మారే వయసులో అబ్బాయి చేత తారస్థాయి (పై స్వరాలు) పాడించకుండా ఎలా నిలబెట్టాలి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (తొలి పాఠాలు) నెలల తరబడి పాడిస్తూ విసుగు రాకుండా ఎలా నడపాలి, తాళం తప్పే పిల్లను నొప్పించకుండా ఎలా దిద్దాలి: చెప్పేవారి నిజమైన పరీక్షలు ఇవి. ఎం.ఏ.లో లక్షణశాస్త్రం (సంగీత సిద్ధాంతం), 72 మేళకర్తలు (మూల రాగాలు), రాగం తానం పల్లవి (అప్పటికప్పుడు కల్పించి పాడే విస్తారమైన అంశం) గట్టిగా వస్తాయి. పెద్ద పిల్లలు "ఎందుకు?" అని అడిగినప్పుడు జవాబు చెప్పగలగడం చిన్న విషయం కాదు. కానీ చిన్నపిల్ల ఎదుట కూర్చుని చెప్పే నేర్పు, గురువు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చూసి, ఆయన కళ్లెదుటే జూనియర్లకు చెప్పి నేర్చుకోవలసిందే.

పట్టా లేకున్నా గురువు చాలనేవారు చూపే ఉదాహరణ ఒకటుంది. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా తండ్రి దగ్గర ఆ వాద్యం మొదలుపెట్టారు. తంజావూరు బాణీ (అక్కడి వాయించే పద్ధతి) కోసం తమిళనాడులోని నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర శిష్యరికం చేశారు. శ్రీరంగంలో స్థిరపడి ఎందరికో నేర్పారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన్ను చూపి చదువు వద్దనే పెద్దలతో నేను ఏకీభవించను. పుట్టుకతోనే నాదస్వరం వినిపించే ఇల్లు ఆయనది, మన పిల్లల్లో చాలామందికి ఆ వాతావరణం లేదు. అయితే పేరున్న విద్వాంసుడై ఉండీ బాణీ కోసం మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారే, అది మాత్రం ఎవరైనా అనుసరించదగ్గది.

కాబట్టి నా మాట ఇది. కాలేజీ లక్ష్యమై, గొంతు, తాళం నిలబడినవారు ఎం.ఏ.లో చేరండి, గురువును మాత్రం వదలకండి. ఇంటి పాఠాలే లక్ష్యమైతే ఆ రెండేళ్లూ గురువు దగ్గరే గడపండి, పీజీ తరువాతైనా చేయవచ్చు. పునాది ఇంకా కుదరనివారికి ఏ పట్టా ఆ లోటు తీర్చదు, ముందు వర్ణాలు మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) నిలబెట్టుకోండి. వీణ, వయొలిన్ వారు ఫీజు కట్టే ముందు మీ వాద్యానికి అక్కడ రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారో లేదో ఫోనులో కాదు, స్వయంగా వెళ్లి కనుక్కోండి.