తిరుపతిలో నేపాలీ కూరల కొట్టు: ఏవి తెచ్చుకోవాలి, ఏవి వదిలేయాలి

తిరుపతిలో కర్రీ పాయింట్ లేని వీధిని వెతికి పట్టుకోవడం కష్టం. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెట్టేసి, సాయంత్రం ఆరున్నర దాటాక వీధి చివరికి వెళ్లి పప్పో, వంకాయ కూరో, ఒక వేపుడో, రసం పొట్లమో తెచ్చుకోవడం ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే ఇళ్లకూ, గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులకూ రోజువారీ అలవాటు. అలాంటి ఊళ్లో ఇంకొక కూరల కొట్టు తెరిస్తే ఎవరూ ఆగి చూడరు. ఎం.ఆర్.పల్లెలో మా అక్కవాళ్ల ఇంటికి దగ్గరలో వెలసిన ఈ కొట్టు బోర్డు మీద మాత్రం 'ఇండియన్, నేపాలీ కర్రీలు' అని ఉంది. నేపాలీ అన్న మాట దగ్గరే నేను ఆగాను.

నేపాల్ నుంచి వచ్చినవాళ్లు మన ఊళ్లకు కొత్తవాళ్లు కారు. 1950లో రెండు దేశాల మధ్య కుదిరిన మైత్రీ ఒప్పందం వల్ల వాళ్లు ఇక్కడికి వచ్చి ఉండడానికీ, పని చేసుకోవడానికీ ప్రత్యేక అనుమతులు అక్కర్లేదు. రాత్రి కాపలా కాసే గూర్ఖాగా, హోటళ్ల వంటింట్లో మాస్టరుగా, నూడుల్స్ బండి వెనక నిలబడిన కుర్రవాడిగా వాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్నాం. వాళ్ల చేతి నూడుల్స్ తిన్నాం, పనీర్ కూరలు తిన్నాం. వాళ్లు తమ ఇంట్లో ఏం తింటారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

అక్క చేతికి కట్టు వేయడంతో వంటలో సాయానికి చిత్తూరు నుంచి వచ్చి ఈ వేసవిలో కొన్ని వారాలు అక్కడే ఉన్నాను. పగటి వంట నేను చేసేదాన్ని, రాత్రికి కూరలు బయటి నుంచి వచ్చేవి. కాబట్టి ఈ కొట్టు గురించి ఒక్క రుచి చూసి చెప్పే మాటలు కావు ఇవి.

కొట్టు ఒక షట్టరు వెడల్పు మాత్రమే. వెనక రెండు పొయ్యిలు, ముందు కౌంటరు, కూర్చునే చోటు లేదు. వండేది నేపాల్‌లోని బాగ్లుంగ్ ప్రాంతానికి చెందిన భార్యాభర్తలు. అతను చాలా ఏళ్లు ఇక్కడి హోటళ్ల వంటిళ్లలో పనిచేశాడు, తెలుగు ధారాళంగా మాట్లాడతాడు. ఆమెకు హిందీ, నేపాలీ వచ్చు. తెలుగు అంకెలు మాత్రం తడుముకోకుండా చెబుతుంది. ఆహార భద్రత లైసెన్సు 14 అంకెల నంబరుతో సహా గోడకు కనిపించేలా తగిలించారు. మాంసం వండే గరిటెలు, గిన్నెలు వేరుగా ఉన్నాయి. శనివారం మాంసం అసలు వండరు. వెంకన్న ఊళ్లో శనివారం సగం ఇళ్లు నీచు ముట్టవని తెలుసుకుని పెట్టుకున్న నియమం అది. నాకు అక్కడే మొదటి నమ్మకం కలిగింది.

బోర్డులో ఎడమవైపు ఉన్న 'ఇండియన్' కూరల సంగతి త్వరగా చెప్పేస్తాను. బటర్ పనీర్ ఎర్రగా, తియ్యగా, జీడిపప్పు ముద్దతో నిండి ఉంటుంది. అక్క పిల్లలకు నచ్చింది, పెద్దవాళ్లకు నాలుగు ముద్దలకే మొహం మొత్తింది. కడాయి చికెన్‌కూ, బటర్ చికెన్‌కూ పేరులో ఉన్నంత తేడా గిన్నెలో లేదు. దాల్ ఫ్రై పలచన. రోటీలు కౌంటరు దగ్గర మెత్తగానే ఉన్నా ఇంటికొచ్చి విప్పేసరికి సాగుతున్నాయి. చనా మసాలా ఒక్కటి బాగుంది, శనగలు చక్కగా ఉడికి, ఉల్లిపాయ బాగా వేగి ఉంది. ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ఇవన్నీ దొరికే చోట్లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఇంతకంటే బాగా చేస్తాయి. ఆ కూరల కోసం ఇక్కడికి రానక్కర్లేదు.

కుడివైపు కథ వేరు. అక్కడ మొదట చెప్పాల్సింది నల్లని మినపపప్పు. బోర్డు మీద 'కాలా దాల్' అని రాశారు, వాళ్ల భాషలో 'మాస్ కో దాల్'. మనకు మినుములంటే ఇడ్లీ, దోసె, గారె, సున్నుండ, లేదంటే తాలింపులో నాలుగు గింజలు. అన్నంలో కలుపుకునే పప్పుగా కందులూ పెసలూ ఉన్నాయి కాబట్టి మినుముల జోలికి వెళ్లం. ఇక్కడ పొట్టుతో ఉన్న మినపపప్పును ఇనుప పాత్రలో చాలాసేపు ఉడికిస్తారు. ఇనుముతో కలిసి ఆ పప్పు ఇంకా నల్లబడుతుంది, జారుగా, కాస్త జిగురుగా వస్తుంది. చివర నెయ్యిలో జింబూ తాలింపు పెడతారు. జింబూ అంటే నేపాల్‌లోని ముస్తాంగ్ వైపు ఎత్తయిన కొండల్లో పెరిగే, ఉల్లి జాతికి చెందిన ఒక మొక్క ఎండుటాకు. గడ్డిపోచల్లా కనిపిస్తుంది. నెయ్యిలో పడగానే ఉల్లికీ వెల్లుల్లికీ నడుమ ఉండే ఒక వాసన లేచి వీధి దాకా వస్తుంది. ఈ పప్పులో పులుపు లేదు, కారం దాదాపు లేదు. మొదటి ముద్దకు చప్పగా అనిపిస్తుంది. రెండో ముద్దకు ఆ తాలింపు వాసన, పొట్టు రుచి నోటికి అందుతాయి. వేడి అన్నం, ఈ పప్పు, పక్కన మన నిమ్మకాయ ఊరగాయ ఉంటే మరే కూరా అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. కౌంటరు దగ్గర పొట్లం 40 రూపాయలు, ముగ్గురికి సరిపోతుంది. పక్క వీధి కర్రీ పాయింట్‌లో కందిపప్పు పొట్లం 30కే వస్తుంది. ఆ పది రూపాయలు నెయ్యికీ, అంత దూరం నుంచి తెచ్చిన ఆ ఆకుకీ ఇస్తున్నామనుకుంటే భారం కాదు.

అక్క అత్తగారు బయటి తిండి సులభంగా ముట్టే మనిషి కారు. ఆవిడ పూజ మందిరంలో తాతలనాటి సాలగ్రామం ఉంది. ఒక రోజు నాతో కలిసి కొట్టు దాకా వచ్చి, అతని ఊరు ఎక్కడని అడిగారు. కాళీ గండకి నది ఒడ్డున అని చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "సాలగ్రామాలు దొరికే గండకియేనా నాయనా?" అన్నారు. "అదే అమ్మా. ఇంకా పైకి వెళితే ముక్తినాథ్" అన్నాడతను. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది విష్ణు క్షేత్రాలైన దివ్యదేశాల్లో తిరుమల ఒకటైతే ముక్తినాథ్ ఒకటి. తిరుమంగై ఆళ్వారు పాడిన క్షేత్రం, 3,700 మీటర్లకు పైన ఉంటుంది. ఆవిడకు చూడాలని ఎంతో ఉన్నా మోకాళ్లు సహకరించక ఆగిపోయిన యాత్ర అది. ఆ పూట నుంచి ఆవిడ ఆ పప్పు తిన్నారు. ఉల్లి, వెల్లుల్లి తగలని రోజుల్లో జీలకర్ర తాలింపుతో వేరుగా ఇమ్మంటే ఇచ్చారు కూడా. ముందు గంట చెప్పాలి, అంతే.

రెండోది ఆలూ అచార్. అచార్ అన్నారని ఊరగాయ అనుకోకండి. ఉడికించిన బంగాళదుంప ముక్కలకు వేయించి దంచిన నువ్వుల పొడి, నిమ్మరసం, పచ్చిమిర్చి, పసుపు పట్టించి, కాగిన ఆవనూనెలో మెంతులు నల్లబడే దాకా వేయించి పైన పోస్తారు. చల్లగా తింటారు. ఆవనూనె ఘాటు మన దగ్గర అందరికీ పడదు, బావకు పడలేదు. నాకు మాత్రం నువ్వులూ మెంతులూ కలిసిన ఆ చేదు, పులుపు చాలా నచ్చాయి. దీన్ని అన్నంతో కాకుండా అటుకులతో తినమని ఆమె చెప్పింది, వాళ్ల వైపు అదే అలవాటట. పొడి అటుకులను కాస్త వేయించి పక్కన పెట్టుకుంటే సాయంత్రం పలహారానికి ఇంతకంటే మంచిది ఆ వీధిలో దొరకదు.

ఆలూ తామా అడిగినప్పుడు అతను, "అక్కా, పులిసిన వాసన వస్తుంది, ముందు కొంచెం రుచి చూడండి" అని గరిటెతో చేతిలో వేశాడు. అమ్ముకునేవాడు అలా చెప్పడం నాకు నచ్చింది. పులియబెట్టిన వెదురు కొమ్ములు, బంగాళదుంప, అలసందలు కలిపి వండిన పులుసు అది. మన మన్యంలో వెదురు కొమ్ముల కూర వండుకుంటారు, రాయలసీమలో అలసందలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రెండూ ఒకే గిన్నెలో కలవడం మాత్రం నేను మొదటిసారి చూశాను. వాసన నిజంగానే ఎక్కువ. పిల్లలు ముక్కు మూసుకున్నారు. చింతపండు పులుపుకు అలవాటైన నాలుకకు ఈ పులుపు వేరే దారిలో వస్తుంది, కానీ అన్నంలో కలిపితే ఇట్టే కుదురుతుంది. గుంద్రుక్ అంతకంటే నెమ్మదైన రుచి. ఆవాకు, ముల్లంగి ఆకు వంటివి వాడ్చి, జాడీలో గట్టిగా కుక్కి, పులిశాక ఎండబెట్టి దాచుకుంటారు. చలికాలంలో ఆకుకూర దొరకని కొండ ఊళ్లకు అది ఆధారం. మన ఒరుగులు ఎందుకు పుట్టాయో అదీ అందుకే పుట్టింది. దాన్ని టమాటాతో పలచగా కాస్తే రసం స్థానంలో పోసుకోవచ్చు.

మోమోలు ఇంటికి తెచ్చుకోకండి. డబ్బాలో ఆవిరి పట్టి ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే తోలు చిరిగి రసం కారిపోతుంది. కౌంటరు దగ్గరే నిలబడి, వేడి వేడిగా, టమాటా నువ్వుల పచ్చడితో తినాలి. ఆ పచ్చడిలో టిమూర్ వేస్తారు. మిరియంలా కనిపించే ఆ గింజ పొట్టు కారంగా ఉండదు, నాలుక చివర తిమ్మిరి పుట్టిస్తుంది. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిరఫలం దీనికి చుట్టం. పిల్లలు దాన్ని ఆటలా తిన్నారు.

ఇక కోడికూర. బోర్డులో రెండు వైపులా చికెన్ ఉంది. కుడివైపున్న 'కుఖురా ఝోల్' తీసుకోండి. ఎముకలతో ఉన్న ముక్కలు, పలచని పులుసు, అల్లం, జీలకర్ర, మెంతులు. గసగసాలు, కొబ్బరి లేవు, మీగడ లేదు. స్థానికుల కోసం కారం ఎక్కువ వేసి కూడా ఇస్తారు, కానీ వద్దనండి. కారం పెరిగితే మెంతుల వాసన అణగిపోయి అది మన కోడికూరకు నకలుగా మిగులుతుంది. నేను ఆ పూట ఇంట్లో రాగిసంగటి చేశాను. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆ పులుసు పోసుకుని తిన్నాం. చిత్తూరులో పుట్టి పెరిగిన నోటితో చెబుతున్నాను, నాటుకోడి పులుసు లేని రోజున సంగటికి ఇంతకంటే మంచి జోడు నాకు తట్టదు.

మర్నాడు ఆ మాట చెబితే అతని ముఖం వెలిగిపోయింది. వాళ్ల ఇంట్లో వారానికి ఎన్నోసార్లు ఢిండో చేసుకుంటారట. మరిగే నీళ్లలో రాగిపిండో, మొక్కజొన్న పిండో, బక్‌వీట్ అనే గింజల పిండో పోసి తెడ్డుతో గట్టిపడే దాకా తిప్పుతారు. మనలా అన్నం కలపరు. ముద్దను నమలకుండా పప్పులోనో పులుసులోనో అద్ది మింగడం మాత్రం అచ్చం మన పద్ధతే. "మరి బోర్డు మీద ఎందుకు పెట్టలేదు?" అని అడిగాను. "పేదవాళ్ల తిండి కదా అక్కా, ఎవరు కొంటారు?" అన్నాడు. నాకు బాధేసింది. సంగటిని హోటళ్లు వందల రూపాయలకు అమ్ముతున్న ఊళ్లో, జనం దాని కోసం ఆదివారం వరుసలో నిలబడే ఊళ్లో, ఈ మనిషి తన ఇంటి ముద్దను దాచుకుని ఎర్రరంగు పనీర్ అమ్ముతున్నాడు. ఆదివారం పూటైనా పెట్టమని చెప్పాను, అక్క చెప్పింది, ఆవిడ అత్తగారూ చెప్పారు. ఈ కొట్టుకు వెళ్లేవాళ్లు ఎవరైనా కుడివైపు బోర్డు చూసి అడిగితే ఎడమవైపు జాబితా తనంతట తానే తగ్గుతుందని నా ఆశ.

సేవల సంగతి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రద్దీ, ఇద్దరే మనుషులు కాబట్టి పావుగంటకు పైగా నిలబడాలి. అరగంట ముందు ఫోను చేస్తే కట్టి ఉంచుతారు. యాప్‌లో తెప్పించుకుంటే అదే 40 రూపాయల పప్పు 55 చూపిస్తుంది, తెచ్చే ఖర్చు వేరు. నడవగలిగినవాళ్లు నడవడమే మేలు. పొట్లాల విషయంలో మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. అన్నీ ఒకే రకం తెల్ల కవర్లు, మీద ఏమీ రాయరు. ఒక రాత్రి ఆలూ తామా బదులు కోడిపులుసు వచ్చింది. శాకాహారులున్న ఇంట్లో ఇది చిన్న పొరపాటు కాదు. వెళ్లి చెబితే వాదించకుండా మార్చి ఇచ్చారు, తర్వాత నుంచి మాంసం పొట్లాలకు ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తున్నారు. అయినా విప్పి చూసుకున్నాకే కదలండి. మరిగే పులుసును పలచని ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం ఏ కొట్టులోనైనా మంచిది కాదు. స్టీలు క్యారియర్ తీసుకెళితే ఆమె సంతోషంగా ఒక గరిటె ఎక్కువే వేస్తుంది.

దర్శనానికి వచ్చి బస్టాండు ఎదుట శ్రీనివాసంలోనో, రైల్వే స్టేషను దగ్గర విష్ణునివాసంలోనో దిగినవాళ్లు దీనికోసం ఆటో ఎక్కి రావాలా అంటే, ఒక్క రాత్రి ఉండేవాళ్లకు అవసరం లేదు. అన్నప్రసాదం ఉంది, చుట్టుపక్కల భోజన హోటళ్లు ఉన్నాయి. రెండు మూడు రోజులు ఉండి, ఇడ్లీ సాంబారుకు అలిసిపోయిన ఉత్తరాది చుట్టాలు వెంట ఉంటే తప్పకుండా రండి. కొండ మీదికి మాంసాహారం నిషేధం, అలిపిరిలో సంచులు తనిఖీ చేస్తారు కాబట్టి తినేదేదో కింద తిని వెళ్లండి.

మేకమాంసం ఆదివారం మధ్యాహ్న భోజనానికి ఒక్కపూటే వండుతారు, పన్నెండు కాకముందే గిన్నె ఖాళీ అవుతుంది. కావాలంటే శనివారం సాయంత్రమే చెప్పిపెట్టుకోవాలి. చెప్పేటప్పుడు ఢిండో కూడా అడగండి.